ఖాళీ నోటు మీద వేలిముద్ర వద్దు



హాస్టల్ వార్షికోత్సవ సంచిక అనగానే చదువు విలువ గురించీ, క్రమశిక్షణ గురించీ, బాబాసాహెబ్ ఆశయాల గురించీ రాస్తారు. అవన్నీ రాయవలసినవే. మేము మాత్రం ఈసారి అప్పు గురించీ, పేరు గురించీ రాయదలచుకున్నాం. పండుగ పూట అప్పుల మాటేమిటని విసుక్కోకండి. బాబాసాహెబ్ కూడా న్యాయశాస్త్రం ఒక్కటే చదివినవారు కాదు. రూపాయి సమస్య మీద పుస్తకం రాసి 1923లో అచ్చువేసిన ఆర్థికవేత్త ఆయన. రూపాయి సంగతి తెలియనివాడికి తన హక్కుల సంగతి సగమే తెలుస్తుందని మా అభిప్రాయం.

హాస్టల్లో చేరిన రోజు మన దగ్గర ఏముంటుంది? ఒక ట్రంకు పెట్టె, ఒక కంచం, గ్లాసు, దుప్పటి. వెళ్ళిపోయే రోజు వాటికి తోడు నాలుగు సర్టిఫికెట్లు. మనలో ఎక్కువమందికి పొలం లేదు, స్థలం లేదు, బ్యాంకులో డిపాజిట్టు లేదు. అయినా ఒక ఆస్తి వుంది. అది మన పేరు. ఆ పేరు మీద రేపు ఉద్యోగం రావాలి, చదువుకు రుణం రావాలి, అమ్మానాన్నలకు ఒక ఇల్లు రావాలి. పొలానికి పట్టాదారు పాసుపుస్తకం ఎలాగో ఈ పేరుకు క్రెడిట్ రిపోర్టు అలాగ. పొలం వున్నవాడు అడంగల్‌లో తన పేరు వుందో లేదో చూసుకుంటాడు. పేరు తప్ప ఏమీ లేని మనం ఆ పేరు మీద ఎవడు ఏం రాశాడో ఏడాదికొక్కసారైనా చూసుకోవద్దా? మేము చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే.

నాటి నోటు, నేటి ఓటీపీ

మన తాతల కాలంలో అప్పు కావాలంటే ఆసామి దగ్గరకు వెళ్ళి ప్రాంసరీ నోటు మీద వేలిముద్ర వేసేవారు. నోటులో ఎంత రాశారో చదువుకోవడం రాదు. ఒక్కోసారి అసలు ఏమీ రాయని ఖాళీ నోటు మీదే వేలిముద్ర. ఆ ఖాళీలో తరువాత ఎన్ని సున్నాలు చేరాయో వేసినవాడికి తెలియదు. ఇది పాతకాలపు ముచ్చట అనుకుంటే పొరపాటు. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్‌మనీ వ్యవహారం బయటపడినప్పుడు వడ్డీ వ్యాపారుల దగ్గర ఖాళీ ప్రాంసరీ నోట్లు, ఖాళీ చెక్కులు దొరికాయి.

ఇప్పుడు మనం చదువుకున్నాం. ఖాళీ నోటు మీద సంతకం పెట్టమంటే పెట్టం. కానీ ఫోన్ చేసి, స్కాలర్‌షిప్ వచ్చింది ఓటీపీ చెప్పమంటే చెప్పేస్తున్నాం. కొత్త యాప్ వేసుకుని అది అడిగిన ప్రతిదానికీ సరేనని నొక్కుతున్నాం. ఏమీ రాయని ఆధార్ జిరాక్సు మీద సంతకం చేసి ఎవరడిగితే వాళ్ళ చేతిలో పెడుతున్నాం. ఇవన్నీ ఖాళీ నోటు మీద వేలిముద్రలు కాక మరేమిటి? తాతకు చదువు రాక మోసపోయాడు. మనం చదవక మోసపోతున్నాం. అంతే తేడా.

క్రెడిట్ రిపోర్టు అంటే ఏమిటి?

మనం ఏ బ్యాంకులోగానీ, ఫైనాన్సు కంపెనీలోగానీ అప్పు తీసుకుంటే ఆ వివరం క్రెడిట్ సమాచార సంస్థలకు వెళుతుంది. మన దేశంలో ఇలాంటివి నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. వీటిలో సిబిల్ మొదటిది, 2000లో ఏర్పడింది. అందుకే జనం నోట్లో క్రెడిట్ స్కోరుకు సిబిల్ అనే పేరే పడిపోయింది. 2005లో వీటికోసం ప్రత్యేక చట్టం వచ్చింది. వీటి మీద పెత్తనం రిజర్వు బ్యాంకుది.

రిపోర్టులో ముఖ్యంగా మూడు భాగాలుంటాయి. మొదటిది మనం ఎవరం అనేది: పేరు, పుట్టిన తేదీ, పాన్ నంబరు, ఫోన్ నంబర్లు, చిరునామాలు. రెండవది మన అప్పులు: ఎవరిచ్చారు, ఎంతిచ్చారు, ఇంకా ఎంత బాకీ, ఏ నెల ఎన్ని రోజులు ఆలస్యంగా కట్టాం. మూడవది విచారణలు: మన రిపోర్టును ఏ సంస్థ ఎప్పుడు తీసి చూసింది. వీటన్నిటినీ కలిపి 300 నుంచి 900 లోపు ఒక మార్కు వేస్తారు. అదే స్కోరు. 750 దాటితే మంచి మార్కు కిందే లెక్క.

దీంట్లో లేనివి కూడా గమనించండి. మన కులం లేదు. మతం లేదు. నాన్న కూలికి వెళతాడా, ఉద్యోగానికి వెళతాడా అన్నది లేదు. ఆసామి అరుగు మీద అప్పు అడిగినప్పుడు ముందు ఏ పేట వాడివని అడిగేవారు. రిపోర్టు ఆ ప్రశ్న అడగదు. అంతమాత్రాన అది సమానత్వం తెచ్చేసిందని మేము అనడం లేదు. అసలు బ్యాంకు గడప ఎక్కనివాడికి రిపోర్టే వుండదు. కానీ సరిగ్గా వాడుకుంటే మనకు పనికివచ్చే కాగితం ఇది.

ఈ కాగితానికీ మన ఇళ్ళకూ దగ్గర సంబంధమే వుంది. ఏటికి ఆవలి కృష్ణా జిల్లాలో 2006లో అధికారులు కొన్ని మైక్రోఫైనాన్స్ శాఖలను మూయించారు. 2010 నాటికి రాష్ట్రమంతటా ఒక్కో ఇల్లాలి మీద మూడు నాలుగు కంపెనీల అప్పులు, వారం వారం కిస్తీలు, ఇంటి ముందు వసూలుదార్ల కేకలు, ఆత్మహత్యలు. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. మరుసటి ఏడాది మాలెగాం కమిటీ నివేదిక వచ్చాక, మైక్రోఫైనాన్స్ కంపెనీలు కూడా క్రెడిట్ సమాచార సంస్థల్లో చేరి తీరాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. అంటే పేదింటి ఆడవాళ్ళ చిన్న చిన్న అప్పులు కూడా ఈ రిపోర్టుల్లోకి ఎక్కడానికి ఒక పెద్ద కారణం మన రాష్ట్రంలో మన అమ్మలు పడిన కష్టమే. అంత ఖరీదు కట్టి తెచ్చుకున్న కాగితాన్ని మనం చదవకపోతే ఎలా?

మాకు అప్పే లేదు కదా అంటారా?

హాస్టల్ తమ్ముళ్ళు చాలామంది ఇదే మాట అంటారు. అప్పు తీసుకోలేదు కాబట్టి రిపోర్టుతో పని లేదని. ఈ మాట మూడు చోట్ల తప్పుతుంది.

మొదటిది ఉద్యోగం. మనలో ఏటా ఎందరో బ్యాంకు పరీక్షలకు చదువుతున్నారు. స్టేట్ బ్యాంకు నియామక ప్రకటనలో, అప్పులు ఎగవేసినట్టు రికార్డు వున్నవారు, సిబిల్ వంటి సంస్థల నుంచి ప్రతికూల నివేదిక వున్నవారు నియామకానికి అనర్హులు అనే షరతు చూసే వుంటారు. ఆ షరతు కింద ఒక అభ్యర్థి నియామకాన్ని రద్దు చేస్తే అది సరైనదేనని 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు చెప్పింది. రాతపరీక్ష నెగ్గి, ఇంటర్వ్యూ నెగ్గి, ఉత్తర్వు చేతికి వచ్చిన తరువాత పోయిన ఉద్యోగం అది. ఇక ఆలోచించండి. మనం తీసుకోని అప్పు మన పేరు మీద వుండి, ఆ సంగతి మనకు ఉద్యోగంలో చేరే రోజున తెలిస్తే?

రెండవది చదువు రుణం. విద్యారుణానికి తల్లో తండ్రో కూడా సహ రుణగ్రహీతగా సంతకం చేయాలి. అప్పుడు బ్యాంకు వాళ్ళ రిపోర్టు కూడా చూస్తుంది. తక్కువ స్కోరు ఒక్కటే కారణంగా చూపి విద్యారుణం నిరాకరించరాదని 2023 మేలో కేరళ హైకోర్టు తీర్పు ఇచ్చింది. మొదటిసారి అప్పు అడిగేవారి దరఖాస్తును పాత రికార్డు లేదన్న ఒక్క కారణంతో తోసిపుచ్చవద్దని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు సూచించింది. ఈ రెండు మాటలూ కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. బ్యాంకు కౌంటరు దగ్గర పనికివస్తాయి. అలాగే చదువు పూర్తయి గడువు ముగిశాక కిస్తీ కట్టకపోతే ఆ మచ్చ మన రిపోర్టులోనూ పడుతుంది, అమ్మానాన్నల రిపోర్టులోనూ పడుతుందని మరచిపోవద్దు.

మూడవది జామీను. స్నేహితుడి బండికి, బావగారి ఫైనాన్సుకు జామీను సంతకం పెడతాం. అప్పు వాళ్ళది కదా అనుకుంటాం. ఆ అప్పు మన రిపోర్టులో కూడా కనిపిస్తుంది. వాళ్ళు కట్టకపోతే మనల్నే అడుగుతారు. మొహమాటానికి పెట్టిన సంతకం మీద మొహమాటపడి వడ్డీ ఆగదు.

పేరు ఎలా పోతుంది?

పేరు పోవడం రెండు రకాలు. ఒకటి పొరపాటున కలిసిపోవడం. రెండవది దొంగతనం.

పొరపాటు సంగతి మన ఊరి పేరుతోనే చెప్పవచ్చు. కొల్లూరు అనగానే కొత్తవాళ్ళు, మీ ఊళ్ళో వజ్రాల గని వుందటగా అని అడుగుతారు. ఆ కొల్లూరు వేరు. అది పల్నాడు వైపుది, పులిచింతల జలాశయం కింద వుంది. మనది అరటి, పసుపు, కంద పండే లంకల కొల్లూరు. రెండూ ఒకప్పుడు గుంటూరు జిల్లావే, రెండూ కృష్ణ ఒడ్డువే. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక మనం బాపట్ల, వాళ్ళు పల్నాడు. ఊళ్ళకే ఇంత తికమక వుంటే మనుషులకు వుండదా?

మన పేర్లు చూడండి. ఇంటిపేరు ముందు వస్తుంది. టెన్త్ సర్టిఫికెట్లో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాన్ కార్డులో అదే తిరగబడి చివరకు పోతుంది. ఒకే పేటలో ఒకే పేరున్నవాళ్ళు నలుగురైదుగురు వుంటారు. ఇక పుట్టిన తేదీ. బళ్ళో చేర్చేటప్పుడు అసలు తేదీ తెలియక ఎంతోమందికి జూన్ ఒకటో, జులై ఒకటో రాయించారు. ఆధార్ తీసేటప్పుడు పెద్దవాళ్ళు వయసు మాత్రమే చెబితే జనవరి 1 పడింది. పేరు ఒకటే, తేదీ ఒకటే, ఊరు ఒకటే. ఒకరి బాకీ ఇంకొకరి రిపోర్టులో పడడానికి ఇంతకంటే ఏం కావాలి? పుట్టినరోజు కూడా తెలియకుండా పుట్టడం మన వాళ్ళ తప్పు కాదు. కానీ దాని ఫలితం మాత్రం మన మీదే పడుతుంది.

ఇక దొంగతనం. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తిని పోలీసులు పట్టుకున్నారు. అతడు రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్లో వున్న భూమి దస్తావేజుల్లోంచి వేలిముద్రలు తీసి, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో నకిలీ ముద్రలు తయారుచేసి, వాటితో వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా మన ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్లోని దస్తావేజుల నుంచే వేలిముద్రలు, ఆధార్ నంబర్లు తీసి, వేలు పెట్టి డబ్బు తీసుకునే ఆధార్ పద్ధతిలో జనం ఖాతాల్లోంచి సొమ్ము లాగింది. 2023 ఆగస్టులో విజయవాడలో ఒకే మనిషి ఫొటోతో 658 సిమ్ కార్డులు తీసినట్టు టెలికాం శాఖ కనిపెట్టింది.

సిమ్‌కూ అప్పుకూ సంబంధమేమిటంటారా? వుంది. మన పాన్ నంబరు, మన ఆధార్ కాపీ, వాడి చేతిలో మన పేరున్న సిమ్. ఈ మూడూ కలిస్తే ఓటీపీ వాడికే వెళుతుంది. అప్పు వాడికి, బాకీ మనకు. 2022 ఫిబ్రవరిలో సినీనటి సన్నీ లియోనీ తన పాన్ నంబరుతో ఎవరో ఒక ఆన్‌లైన్ సంస్థలో 2000 రూపాయల అప్పు తీసుకున్నారని, తన సిబిల్ దెబ్బతిందని బహిరంగంగా చెప్పుకున్నారు. సినిమా తారకే తప్పలేదు. ఆమె చెబితే పేపర్లలో వచ్చింది. మన లంకలో ఒక కూలీ తల్లి చెబితే ఎవరు రాస్తారు?

హాస్టల్ పిల్లలకు ప్రత్యేకంగా చెప్పవలసిన ప్రమాదం ఇంకొకటి వుంది. ఎవరో ఒక అన్న వచ్చి, నీ పేరు మీద ఒక అకౌంటు తెరిచి ఏటీఎం కార్డు, సిమ్ నాకివ్వు, నెలకింత ఇస్తానంటాడు. కాస్మొటిక్ చార్జీలు సమయానికి రాని రోజున ఆ డబ్బు పెద్దదిగానే కనిపిస్తుంది. ఆ అకౌంటులోకి వచ్చేది ఎవరినో మోసం చేసిన సొమ్ము. పోలీసులు వచ్చేది అకౌంటు ఎవరి పేరున వుంటే వాళ్ళ ఇంటికి. అకౌంటు అద్దెకు ఇవ్వడం అంటే పేరును అద్దెకు ఇవ్వడమే.

లోన్ యాప్‌ల సంగతి అందరికీ తెలిసిందే. 2020 డిసెంబరులో హైదరాబాదు చుట్టుపక్కల వరుసగా ఆత్మహత్యలు జరిగాక పోలీసులు వాళ్ళ కాల్‌సెంటర్ల మీద దాడులు చేశారు. ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు తీసుకుని బంధువులకు పంపి పరువు తీయడమే వాళ్ళ వసూలు పద్ధతి. అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టులు, ఫొటోల జోలికి పోరాదని 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. కాబట్టి ఏ లోన్ యాప్ అయినా కాంటాక్టులు అడిగిందంటే అది నిబంధన పాటించడం లేదని అక్కడే అర్థం చేసుకోండి.

మనం చేయగలిగినవి

భయపెట్టి వదిలేయడం మా ఉద్దేశం కాదు. పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగిన పనులు ఇవి.

ఒకటి. నాలుగు సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. 2016లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ఇది. మూడు నెలలకు ఒక సంస్థ చొప్పున చూసుకుంటే ఏడాది పొడవునా కాపలా కాసినట్టే. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. ముందు పేరు, తేదీ, ఫోన్ నంబర్లు చూడండి. మనది కాని నంబరు, మనం ఎన్నడూ వుండని చిరునామా కనిపిస్తే అదే దొంగ అడుగుజాడ. తరువాత అప్పులు చూడండి. ఆ తరువాత విచారణలు. మనం అడగని సంస్థ మన రిపోర్టు ఎందుకు చూసింది?

రెండు. మన పేరు మీద ఎన్ని సిమ్‌లు వున్నాయో సంచార్ సాథీ వెబ్‌సైట్లో చూసుకోవచ్చు. ఈ సేవ 2021లో విజయవాడలోని టెలికాం శాఖ విభాగం మన రెండు తెలుగు రాష్ట్రాల కోసం మొదలుపెట్టగా తరువాత దేశమంతటికీ వెళ్ళింది. మనది కాని నంబరు కనిపిస్తే నాది కాదు అని అక్కడే నొక్కవచ్చు.

మూడు. ఆధార్ నంబరు మొత్తం అవసరం లేని చోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. దాంట్లో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. జిరాక్సు ఇవ్వక తప్పకపోతే దాని మీద అడ్డంగా ఏ పని కోసం, ఏ తేదీన, ఎవరికి ఇస్తున్నామో రాసి సంతకం పెట్టండి. ఖాళీ నోటును నింపిన నోటుగా మార్చడం అంటే ఇదే.

నాలుగు. ఆధార్ వెబ్‌సైట్లో వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చు. అయితే రేషనుకు, పింఛనుకు వేలు పెట్టవలసిన అమ్మమ్మలకు ఈ తాళం వేసేముందు, అవసరమైన రోజున తీయడం కూడా మనమే నేర్చుకుని వుండాలి. లేకపోతే దొంగకు వేసిన తాళం ఇంటివాళ్ళకే అడ్డమవుతుంది.

ఐదు. నెట్ సెంటర్లో స్కాలర్‌షిప్ దరఖాస్తు చేశాక డౌన్‌లోడ్ అయిన ఆధార్, పాన్, కులధృవీకరణ పత్రాలను ఆ కంప్యూటర్లోంచి తీసేసి రండి. పాడైన జిరాక్సులను చించి పారేయండి. బజ్జీల పొట్లాలుగా మారనివ్వకండి.

ఆరు. అప్పు తీరిపోయాక నో డ్యూస్ కాగితం తీసుకోండి. బేరమాడి కొంత కట్టి సెటిల్‌మెంట్ చేసుకుంటే రిపోర్టులో సెటిల్డ్ అని పడుతుంది. అది పూర్తిగా తీరిన అప్పుతో సమానం కాదు. కిస్తీల మీద కొన్న ఫోన్ కూడా అప్పేనని గుర్తుంచుకోండి. నెలకు రెండు వేల కిస్తీ దాటేసినా రిపోర్టులో అది ఏళ్ళ తరబడి వుంటుంది.

తప్పు కనిపిస్తే?

ఏడుస్తూ కూర్చోవద్దు. ఏజెంటుకు డబ్బివ్వవద్దు. స్కోరు పెంచుతామని బోర్డులు పెట్టేవారిని నమ్మవద్దు. ఆ క్రెడిట్ సంస్థ వెబ్‌సైట్లోనే ఉచితంగా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అప్పు ఇచ్చినట్టు రాసిన బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఈ అప్పు నాది కాదు, నా సంతకం, నా ఫొటో, డబ్బు జమ అయిన అకౌంటు నంబరు చూపించండి అని అడగండి. ఈ చివరి ప్రశ్నకు జవాబులోనే చాలాసార్లు దొంగ దొరుకుతాడు. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తరువాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది. అది 2024 ఏప్రిల్ 26 నుంచి అమలులోకి వచ్చింది. అప్పటికీ వినకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ వున్నారు. 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ సంస్థలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి. దానికి రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. వివరాలకు 14448కి ఫోన్ చేయవచ్చు.

డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకుకు కూడా వెంటనే చెప్పాలి. మన తప్పు లేకుండా మూడోవ్యక్తి వల్ల పోయిన డబ్బును మూడు పనిదినాల లోపు తెలియజేస్తే ఖాతాదారు మీద భారం వుండదని 2017లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. ఒకరి గుర్తింపును మోసంతో వాడుకోవడం సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షన్ కింద నేరం. మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. పోలీస్ స్టేషన్‌కు వెళ్ళినప్పుడు ఆ సెక్షన్ పేరు చెప్పండి. చదువుకున్నవాడు వచ్చాడని వాళ్ళకూ తెలుస్తుంది.

జాగ్రత్త మనకేనా?

ఇక్కడ మా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాం. జాగ్రత్తగా వుండండి అని పేదవాడికి చెప్పడం చాలా తేలిక. కానీ పేదవాడు తన కాగితాలను దాచుకోగలిగే పరిస్థితి వుందా? ధనవంతుడు ఏడాదికి నాలుగుసార్లు ఆధార్ ఇస్తే మనం నలభైసార్లు ఇస్తాం. హాస్టల్ సీటుకు, స్కాలర్‌షిప్‌కు, రేషనుకు, ఉపాధి హామీకి, పింఛనుకు, గ్రూపు లోనుకు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చి మన లంకలు మునిగినప్పుడు, తడిసిన ఇళ్ళలోంచి జనం ముందు బయటకు తెచ్చుకున్నది ఈ కాగితాలనే. నీళ్ళు తీయగానే మళ్ళీ వాటి జిరాక్సులు పట్టుకుని పరిహారం కోసం వరుసల్లో నిలబడ్డారు. ఆ జిరాక్సులన్నీ ఏ బీరువాలో వున్నాయి? ఎప్పుడు నాశనం చేస్తారు? అడిగే హక్కు మనకు వుంది. పైన చెప్పిన వేలిముద్రల కేసుల్లో జనం ఎవరికీ ఓటీపీ చెప్పలేదు. ప్రభుత్వ వెబ్‌సైట్లో పెట్టిన వాళ్ళ దస్తావేజులే దొంగకు దారి చూపాయి. అక్కడ అజాగ్రత్త ఎవరిది?

అందుకని మేము కోరేవి ఇవి. ఆన్‌లైన్‌లో సరిచూసుకునే వీలున్న చోట జిరాక్సు అడగడం మానాలి. తీసుకున్న జిరాక్సుకు లెక్క వుండాలి. మేము చూసిన రిపోర్టులన్నీ ఇంగ్లీషులోనే వున్నాయి. వేలిముద్ర వేసే అమ్మకు ఆ రిపోర్టు తెలుగులో రావాలి. అమెరికాలో 2017లో ఈక్విఫాక్స్ నుంచి సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు దొంగల పాలైన తరువాత, ఎవరైనా తన రిపోర్టును ఉచితంగా స్తంభింపజేసుకునే హక్కు 2018లో దేశమంతటా వచ్చింది. అంటే తాను తాళం తీస్తే తప్ప తన పేరు మీద కొత్త అప్పు పుట్టదు. అలాంటి హక్కు మన దేశంలో కూడా చట్టంలో రాయాలి.

చివరగా మన హాస్టల్ సంగతి. వార్డెన్ గారికీ, పూర్వ విద్యార్థులకూ మా విన్నపం ఒక్కటే. ఏడాదికి ఒక ఆదివారం ఈ పనికి కేటాయిద్దాం. 18 ఏళ్ళు నిండిన ప్రతి విద్యార్థీ ఆ రోజు తన రిపోర్టు, తన పేరు మీది సిమ్‌లు చూసుకోవాలి. పూర్వ విద్యార్థులం వచ్చి దగ్గరుండి చూపిస్తాం. చిన్న తరగతుల తమ్ముళ్ళు పక్కన కూర్చుని నేర్చుకుంటారు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ అనుమతితో అమ్మ రిపోర్టు తీసి చదివి వినిపిస్తారు. ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాళ్ళం మేము. మా తరువాత మీరు. ఇంటికి మొదటి చదువరి అంటే ఫ్రేము కట్టించిన ఫొటో కాదు, ఇంటికి వచ్చిన ప్రతి కాగితాన్నీ సంతకానికి ముందు చదివేవాడు అని మా నమ్మకం.

మన పెద్దలు వేలిముద్ర వేసిన చోట సంతకం పెట్టడం నేర్చుకోవడానికి ఒక తరం పట్టింది. ఆ సంతకాన్ని కాపాడుకోవడం మన తరం పని. ఈ సంచిక చదివి పక్కన పెట్టేముందు, ఈ నెలలోనే ఒక రిపోర్టు తీసి చూడండి. ఏ తప్పూ లేకపోతే సంతోషం. వుంటే మాకు చెప్పండి. కలిసి ఉత్తరం రాద్దాం.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
పూర్వ విద్యార్థుల తరఫున ఒక పీజీ విద్యార్థి, కొల్లూరు